మా పిల్లలకు మేమీయగలిగినది

తల్లిదండ్రులు బిడ్డలకిచ్చునవి రెండు విధములు. ఇల్లు, పొలము, నగలు మొదలైనవి కాగితముపై వ్రాసి యీయవచ్చును. భాష, నడవడి, దైవభక్తి అట్లు వ్రాసి యిచ్చునవి కావు. పెద్దలు వానిని దినదినము ఇంట వాడుచుండగా చూచి పిల్లలు గ్రహింపవలసినదే. పర్లాకిమిడిలో నివసించు తెలుగు క్రైస్తవ కుటుంబమువారమగు మాకు ఈ సంగతి కొంత ఎక్కువగా తెలిసివచ్చినది. ఒరిస్సా రాష్ట్రము 1936లో ఏర్పడినప్పుడు ఈ పట్టణము అందులో చేరెను. పొలిమేర దాటినచో పాతపట్నము, ఆంధ్రదేశము. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది అచ్చట. పిల్లలను పెంచుచున్నది ఇచ్చట. ఇచ్చట మా భాష కొద్దిమంది భాష, మా మతము కొద్దిమంది మతము. రెంటిని ఇంటిలోనే కాపాడుకొనవలెను.

మాది బాప్తిస్టు సంఘము. మాలో శిశువులకు బాప్తిస్మమీయరు. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకు తల్లిదండ్రులు మందిరమునకు తీసికొనిపోయి, దేవునికి ప్రతిష్ఠించి, భక్తిలో పెంచెదమని సంఘము ఎదుట మాట యిత్తురు. బాప్తిస్మము మాత్రము, ఆ బిడ్డ పెరిగి తన విశ్వాసమును తన నోట ఒప్పుకొనిన పిదపనే, నీటిలో ముంచి యిత్తురు. కథోలికులును లూథరను సంఘస్థులును శైశవముననే జ్ఞానస్నానము చేయింతురు. అయినను పిల్లలు ఎదిగిన తరువాత ఆ విశ్వాసమును తామే దృఢపరచుకొను క్రమము వారిలోను కలదు. కావున శాఖ యేదైనను అందరును ఒప్పుకొనిన మాట యొకటున్నది: తల్లిదండ్రులు బిడ్డను గుమ్మమువరకే నడిపింపగలరు, గుమ్మము దాటవలసినది బిడ్డయే.

గుమ్మమువరకు నడిపించుట యెట్లు? ప్రశ్నలకు చోటిచ్చుటవలననే యని మేము నమ్ముచున్నాము. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయమును చూడుడు. ఈ విధుల భావమేమని కుమారుడడిగినప్పుడు తండ్రి గద్దింపక, తమ పూర్వుల దాస్యమును, విడుదలను కథగా చెప్పవలెనని అచ్చట కలదు. మార్టిన్ లూథరు 1529లో గృహస్థులకొరకు వ్రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథమున ఒక్కొక్క ఆజ్ఞ వెంబడి దాని అర్థమేమను ప్రశ్న వచ్చును. మదరాసులో పనిచేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ, 1746లో తన దేశపు హాలే నగరమున తెలుగు ప్రశ్నోత్తర గ్రంథము నచ్చువేయించెను. మన భాషలో అచ్చైన తొలి పుస్తకములలో అది యొకటి. తెలుగక్షరము అచ్చుకెక్కిన తొలిదినములలోనే, ఇంట పిల్లలకు చెప్పవలసిన ప్రశ్నలు, జవాబులు అందుండుట మాకు సంతోషకరము.

అయితే పుస్తకములోని ప్రశ్న వేరు, పిల్లవాని ప్రశ్న వేరు. మా యింట రాత్రి భోజనమునకు ముందు ఒక అధ్యాయము చదివి, ఒక కీర్తన పాడి, ప్రార్థన చేసికొందుము. మన తెలుగు బైబిలు భాష గ్రంథభాష. వీధిలో ఒడియా మాటలాడి, ఇంటికి వచ్చి తెలుగు మాటలాడు మా పిల్లవానికి అది మూడవ భాషవలె తోచును. ఈ పట్టణముననే ఉపాధ్యాయులుగా ఉండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పవలెనని ఆ భాష నేర్చి పుస్తకములు వ్రాసిరి. వారి మార్గమే మాకును దారిచూపినది. చదువునది బైబిలు మాటలలో చదివి, విప్పి చెప్పునది ఇంటి మాటలలో చెప్పుదుము.

ఒకనాడు పిల్లవాడు "కృప అంటే ఏంటి నాన్నా?" అని యడిగెను. అంతకు వారము ముందు వాడు పొరుగువారి చెట్టు మామిడికాయ తెంపి పట్టుబడెను. ఆ యింటి పెద్దమ్మ కోపింపక, మరి రెండు కాయలు చేతిలో పెట్టి పంపెను. "నిన్ను కొట్టడానికి ఆమెకు హక్కుంది. కొట్టకపోవడం క్షమ. పైగా రెండు కాయలు ఇచ్చింది చూడు, అది కృప" అని చెప్పితిమి. వాడు కొంతసేపూరకుండి, "పెద్దమ్మ గుడికి వెళ్తుంది కదా, మన మందిరానికి రాదు కదా. మరి దేవుడికి ఆవిడంటే ఇష్టమేనా?" అని యడిగెను. "ఇష్టమే. ఆయన కృప ఎలా ఉంటుందో నీకు ఆవిడ చేతే చూపించాడు. ఎవరి సంగతి ఏమిటని తీర్పు చెప్పే పని మనకివ్వలేదు" అంటిమి. తన మతమును ప్రేమించుటకు పొరుగువారిని తక్కువచేయవలెనని నేర్చిన పిల్లవాడు, మా యెన్నికలో, క్రీస్తును నేర్చినవాడు కాడు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మా పెద్దమ్మాయి నుండి వచ్చినది. ఆమెకు పదునాలుగేండ్లు నిండిన సంవత్సరము, తోడి పిల్లలు పలువురు బాప్తిస్మము పొందిరి. బంధువులు మా యమ్మాయి మాట యేమని అడుగసాగిరి. ఉపాధ్యాయుని బిడ్డ వెనుకబడుట తగదని ఒకరనిరి. ఆ రాత్రి ఆమె, "నాకింకా నిశ్చయం కలగలేదు. మీకోసం మునగమంటారా?" అని యడిగెను. మాకు గుండె బరువెక్కెను. అయినను "వద్దమ్మా, మాకోసం వద్దు" అని చెప్పితిమి.

అప్పుడు మేము పురుషోత్తమ చౌదరిగారి సంగతి చెప్పితిమి. ఆయన 1803లో ఈ పర్లాకిమిడి సమీపముననే, మదనాపురములో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. 1833లో బాప్తిస్మము పొందెను. నేడు మా యింట రాగతాళములతో పాడుకొను ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పెక్కు ఆయనవే. మాకు ఇంటి ఆస్తిగా వచ్చిన విశ్వాసము ఆయనకు ఆస్తిగా రాలేదు. ముప్పదియేండ్ల వయస్సున, తానే వెదకి, తానే నిశ్చయించుకొనెను. ఆయన కీర్తనలను పాడుచు, ఆయనకు కలిగిన స్వేచ్ఛను మా బిడ్డకు లేకుండ చేయుట న్యాయము కాదు.

రెండేండ్లు గడచినవి. ఆమె ఇంకను నిశ్చయించుకొనలేదు. కాని చూపు తగ్గిన మామ్మకు ప్రతి రాత్రియు ఒక అధ్యాయము చదివి వినిపించుట మానలేదు. చదువునప్పుడు కొన్ని చోట్ల ఆగును. ఏల ఆగెనని మేమడుగము. ఎదురుచూచుట సులభము కాదు. ప్రార్థనలో ఆమె పేరు వచ్చినప్పుడు మా గొంతులు మారుచుండును. అయినను, బలవంతముగా పలికించిన ఒప్పుకోలుకంటె నిజాయితీగల సందేహము దేవునికి దగ్గరయని మా నమ్మకము.

ఈ పత్రిక చదువు తల్లిదండ్రులలో ఎక్కువమంది వేరు మతములవారు. వారికిని ఇదే చిక్కు కలదు. సంధ్యావందనమైనను, నమాజైనను, ప్రార్థనయైనను, ఇంట పెద్దలు చేయనిదానిని పిల్లలు చేయుదురని తలచుట వ్యర్థము. పెద్దలు చేయుచున్నను, పిల్లలు తప్పక చేయుదురను హామీ లేదు. చేయవలసినంత చేసి, మిగిలినది వారికిని దైవమునకును విడువవలెను. విద్యార్థులారా! మీ యింటి ప్రార్థన మీకర్థము కానిచో సిగ్గుపడక అడుగుడు. అడిగిన బిడ్డపై కోపపడక తెలిసినంత చెప్పుట పెద్దల పని. విని, తూచి, తనదిగా చేసికొనుట మీ పని.