వర్డ్ ఫైలూ, రెండు హైఫన్లూ

కోడు రాయమంటే రాత్రంతా కూర్చుంటాం గానీ, డాక్యుమెంటు రాయమంటే మాత్రం మన ఐటీ జనాలకి జ్వరం వచ్చేస్తుంది. నేనూ అంతే, ఆ రాత్రి వరకూ.

మా పాత టీములో రిలీజు స్టెప్పులన్నీ ఒక వర్డ్ ఫైల్లో ఉండేవి. పేరు చివర 'ఫైనల్'. దాని పక్కనే ఇంకోటి, 'ఫైనల్ కొత్తది'. రాత్రి 2 గంటలకి నిద్రమత్తులో నేను తెరిచింది పాతది. ఒక కమాండు కాపీ కొట్టి టెర్మినల్లో వేస్తే ఎర్రర్. చూస్తే, రెండు హైఫన్లని వర్డ్ గారు ఎప్పుడో ముచ్చటపడి ఒకే పొడుగు గీతగా మార్చేశారు. అది సరిచేసి మళ్ళీ కొట్టాను. తీరా ఆ స్టెప్పే తీసేసి మూడు నెలలైందట! తెల్లారేదాకా రోల్‌బ్యాక్. పొద్దున కాల్‌లో మేనేజరు "డాక్యుమెంట్ చూసుకోలేదా?" అన్నాడు. చూశాను కాబట్టే కదా సార్ ఇదంతా...

ఆ వారమే స్టెప్పులన్నీ మార్క్‌డౌన్‌లోకి మార్చి, కోడున్న గిట్ రిపాజిటరీలోనే పడేశాను. మార్క్‌డౌన్ 2004 నాటిది, కొత్త వింతేం కాదు. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+కె కొట్టి, వదిలి, వి కొడితే చాలు, పక్కనే ప్రివ్యూ వస్తుంది. బొమ్మలకి మెర్మెయిడ్ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నా. బాణాలు కూడా అక్షరాల్లోనే రాస్తాం కాబట్టి, ఎవరు ఏ బాణం తిప్పారో డిఫ్‌లో దొరికిపోతారు :) ప్లాంట్‌యూఎంఎల్ ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్ళు మాత్రం సెట్టింగ్స్ ఒకసారి చూసుకోండి. రెండరింగ్ బయటి సర్వర్‌కి పెట్టారంటే మీ కంపెనీ ఆర్కిటెక్చర్ అంతా ఊరేగుతుంది. జావా ఉంటే లోకల్‌గానే గీయించుకోవచ్చు.

నాకు అసలు నచ్చింది ఆస్కీడాక్. అందులో ఇంక్లూడ్ అని ఒకటుంది. కమాండుని డాక్యుమెంట్లో మళ్ళీ టైపు చెయ్యక్కర్లేదు, స్క్రిప్టు ఫైల్లోంచి ఆ ముక్కనే నేరుగా లాక్కొస్తుంది. స్క్రిప్టు మారితే డాక్యుమెంటూ మారుతుంది. ఆ రాత్రి ఇదుంటే నేను హాయిగా పడుకునేవాణ్ణి. కాకపోతే ఎడిటర్ ప్రివ్యూలో కనిపించేది గిట్‌హబ్‌లో కనిపించదు, అక్కడ ఇంక్లూడ్ బదులు ఉత్త లింకే వస్తుంది. అందుకే టీము మొత్తాన్నీ ఒప్పించలేక మార్క్‌డౌన్‌తోనే సరిపెట్టుకున్నాం.

ఇంతా చేస్తే, ఆపరేషన్స్‌లో ఉండే మా అన్న ఒకాయన "తమ్మీ, గీ హ్యాష్‌లు, చుక్కలు నాకెందుకే, వర్డ్‌ల పంపు" అన్నాడు. సరే అని పాండాక్‌తో వర్డ్‌లోకి మార్చి పంపాను. పంపేముందు ఎందుకో అనుమానమొచ్చి తెరిచి చూస్తే, ఒకచోట కమాండుని కోడ్ బ్లాకులో పెట్టడం మర్చిపోయాను. పాండాక్ కూడా రెండు హైఫన్లని గీత చేసేసింది!