తాళంచెవి ఎవరి కొంగున?

ఇల్లు మారడం తెలిసిన ఆడవాళ్ళకి ఫోను మారడం ఒక లెక్కా అనుకుంటాం. ఇల్లు మారేటప్పుడైతే ముందు పాలు పొంగిస్తాం, ఆ తర్వాత దేవుడి పటాలు, ఆపైన పోపులపెట్టె. ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంటాం. ఒక్క గరిటె తగ్గినా రెండో రోజుకల్లా తెలిసిపోతుంది. ఫోను మారడం అలా కాదండీ. మన సామానంతా ఎవరో మూటగట్టి, ఎక్కడో గోదాములో పడేసి, "అంతా భద్రంగా ఉందమ్మా" అంటారు. గోదాము ఎక్కడుందో తెలీదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలీదు. తియ్యాల్సిన రోజు వచ్చేదాకా అసలు తాళం అనేది ఒకటుందనే మనకెవరూ చెప్పరు.

మా ఇంట్లో ఫోన్లకి ఒక వంశక్రమం ఉంది. మా అబ్బాయి బెంగుళూరులో కొత్త ఫోను కొంటాడు. వాడు వదిలేసింది వాళ్ళ నాన్నకి వస్తుంది. ఆయన వదిలేసింది నాకు. నాకిచ్చే ముందు బజారులో ఉన్న సెల్‌ఫోను షాపుకి తీసుకెళ్ళి "శుభ్రం" చేయించి తెస్తారు మావారు. 2020 మొదట్లో అలా వచ్చిన ఫోనే ఐదేళ్ళు నాతో కాపురం చేసింది. చివరికి మొన్న వేసవిలో దాని బ్యాటరీ ఉబ్బింది. వెనక రేకు పూరీలా పొంగింది. అలా పొంగిన ఫోనుని ఛార్జింగులో పెట్టకూడదు, వాడకూడదు, నిప్పంటుకునే ప్రమాదం ఉందన్నారు. వెంటనే కట్టేసి, సిమ్ము తీసేసి, సర్వీసు సెంటరులో ఇచ్చేశాం.

అందుకని నా జీవితంలో మొదటిసారి కొత్త ఫోను నాకే కొన్నారు. కొత్త షాపు, కొత్త కుర్రాడు. పాపం వాడికి వెనక పదిమంది నిలబడి ఉన్నారు. నా చేతిలోంచి ఫోను తీసుకుని, టకటకా ఏవో నొక్కి, ఏదో కొత్త అకౌంటు తెరిచి, అడిగినచోటల్లా "స్కిప్" కొట్టి, "అయిపోయిందండీ" అని చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి వాట్సాప్ తెరిస్తే ఏముంది? గచ్చు కడిగిన వరండాలా ఉంది. ఒక్క మాట లేదు, ఒక్క బొమ్మ లేదు.

"ఏమండీ, నా ఫోనులో ఏమీ లేవండీ!" అన్నాను.

మావారు పేపరు మడవకుండానే, "నీ ఫోనులో ఏముంటాయోయ్? గుడ్ మార్నింగ్ గులాబీలేగా!" అన్నారు.

ఏముంటాయో చెప్పనా? ఆయన పొద్దున్నే పరగడుపున చూసుకున్న షుగరు అంకెలు. డాక్టరుగారు రాసిన మందుచీటీల ఫోటోలు. పాలవాడి లెక్క. కోడలి జాకెట్టు కొలతలు. మాగాయకి ముక్క ఎన్నిరోజులు ఎండాలో మా వదినె చెప్పిన వివరం. గ్యాసు పుస్తకం నంబరు. మనవడి మొదటి నడక. సత్యనారాయణ వ్రతం చేయించే శాస్త్రిగారి అడ్రసు. ఈ ఇల్లు నడవడానికి కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి. మగవాళ్ళ ఫోనులో ఉండేవి కాగితాలు, ఆడవాళ్ళ ఫోనులో ఉండేది కాపురం. కాగితం పోతే ఆఫీసువాళ్ళు నకలు ఇస్తారు. కాపురానికి నకలు ఎవరిస్తారు?

అన్నిటికన్నా ముఖ్యం, అందులో మా అమ్మ ఉంది.

2020లో లాక్‌డౌన్ పెట్టి రాకపోకలు ఆగిపోయినప్పుడు, మా తమ్ముడు అమ్మకి వాట్సాప్‌లో మాట్లాడి పంపడం నేర్పాడు. ఐదో తరగతి చదివిన అమ్మకి ఆ చిన్న మీటలతో రాయడం పట్టుబడలేదు గాని, మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడ్డం బాగా కుదిరింది. అయితే అమ్మ దృష్టిలో అది ఫోను కాదు, ఉత్తరం. అందుకని ప్రతిసారీ, "చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అంతా క్షేమం" అని మొదలుపెట్టేది. మధ్యలో కుక్కరు కూత వినపడేది. చివర్న, "ఇంతే సంగతులు, ఇట్లు, అమ్మ" అని వేలు తీసేది. 2022 కార్తీకమాసంలో అమ్మ వెళ్ళిపోయింది. ఉత్తరాలు మాత్రం నా దగ్గరున్నాయి. ఉన్నాయనే అనుకుంటున్నాను.

బెంగుళూరు ఫోను చేస్తే మా అబ్బాయి, "బ్యాకప్పు ఉంటుందిలేమ్మా, రిస్టోర్ చేసుకో" అన్నాడు. వాడికి మీటింగు. "అన్నం ఉంటుందిలే, వండుకో" అన్నట్టుంది.

ఇలాంటప్పుడు దేవుడు పక్క ఫ్లాటులో పుడతాడు. డిగ్రీ చదువుతున్న పక్కింటి అమ్మాయి పరీక్షలయ్యి ఇంట్లో ఉంది. దానికి కాఫీ కలిపిచ్చి, ఫోను చేతిలో పెట్టి కూర్చున్నాను.

"చూడండి ఆంటీ, మీ మాటలన్నిటికీ ఒక నకలు తీసి గూగుల్ వాళ్ళ గోదాములో పెడుతుంది. అదే బ్యాకప్పు. అది మళ్ళీ రావాలంటే రెండు కుదరాలి. అదే ఫోను నంబరు, అదే గూగుల్ అకౌంటు. నంబరు నమోదు చేసుకోగానే, పాతవి కావాలా అని అడుగుతుంది. ఆ షాపతను అక్కడే స్కిప్ కొట్టాడు. ఒకసారి దాటిపోతే మళ్ళీ అడగదు. యాప్ తీసేసి మళ్ళీ వేసుకోవాలి. ఈ రెండురోజులూ వచ్చిన మెసేజీలు పోతాయి, ఫర్వాలేదా?"

"పోనీవే తల్లీ" అన్నాను.

తీసి వేసింది. నంబరు కొట్టింది. ఓటీపీ వచ్చింది. చక్రం గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి, బ్యాకప్పు ఏదీ దొరకలేదు అంది. ఎందుకు దొరుకుతుంది? కొత్త కుర్రాడు తెరిచింది కొత్త అకౌంటు. పాతవన్నీ పాత అకౌంటులో ఉన్నాయి. దాని పేరేమిటో ఆ పాత షాపువాడికే తెలియాలి. ఆ షాపు ఇప్పుడు లేదు, దాని జాగాలో షవర్మా బండి ఉంది.

"నంబరు పెట్టి వెతకొచ్చు ఆంటీ. అకౌంటులో ఏ పేరుందో చెప్పాలి, అంతే."

నా పేరు కొట్టింది. లేదంది. ఇంటిపేరు ముందూ, ఇంటిపేరు వెనకా పెట్టింది. లేదంది. మావారి పేరు కొట్టింది. లేదంది. అబ్బాయి పేరు కూడా అయిపోయింది. అప్పుడు మావారు పేపరు మడిచారు. ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగిరీ చేసిన మనిషి, రూపాయి బిల్లు కూడా పారెయ్యరు. బీరువా మీంచి ఫైలు దించి, ఆనాటి షాపు బిల్లు తీశారు. మాసిపోయిన ఆ కాగితం మీద పేరు రాసేచోట "మేడమ్" అని ఉంది. పక్కన మా ఇంటిపేరు.

పక్కింటి అమ్మాయి నవ్వాపుకుంటూ "మేడమ్" అని కొట్టింది, చివర ఇంటిపేరు పెట్టింది. దొరికింది!

ఐదేళ్ళు నా కాపురమంతా దాచిన పెట్టె మీద నా పేరు లేదండీ. ఎవరో మేడమ్. ఆ మేడమ్ ఎవరో వీధిలో ఎదురైతే నేను పోల్చుకోలేను. అమ్మ ఉత్తరాలన్నీ ఆవిడ పేరుమీద ఉన్నాయి.

అదృష్టం కొద్దీ సిమ్ము నాదే, ఓటీపీ నాకే వచ్చింది. పాస్‌వర్డ్ మార్చి, ఆ అకౌంటు కొత్త ఫోనులో చేర్చి, యాప్ మళ్ళీ తీసి మళ్ళీ వేసింది. ఈసారి బ్యాకప్పు కనిపించింది గాని, దాని మీద తేదీ నాలుగు నెలల కిందటిది.

"ఇదేమిటే?" అన్నాను.

"మీ గోదాము నిండిపోయింది ఆంటీ. ఒక్కో అకౌంటుకి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఇదివరకు ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ నకలు ఈ లెక్కలోకి వచ్చేది కాదు. 2024 నుంచి వస్తోంది. మీ ఫోటోలూ, మెయిళ్ళూ, ఇదీ కలిసి నిండాక, కొత్త నకలు తీయడం ఆగిపోయింది. ఇంకో సంగతి, ఐదు నెలలు దాటినా కొత్తగా తీయని నకలు ఉంటే, దాన్ని తీసేస్తారు."

నాలుగు నెలలైంది. ఐదైతే పోయేది. ఆ మాట అది మామూలుగానే అంది గాని, నాకు అరచేతులు చల్లబడ్డాయి.

రిస్టోర్ నొక్కింది. ఇరవై అంది, ముప్ఫై అంది, నలభై దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలెడితే మళ్ళీ అక్కడే. మూడోసారి ఆ పిల్ల డాక్టరమ్మలా ఒక్కొక్కటే పరీక్ష చేసింది. ఫోనులో జాగా ఉందా? ఉంది. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా? ఉన్నాయి. ప్లే సర్వీసెస్ పాతదేమో చూసి కొత్తది వేసింది. ఫోను వంటింట్లోంచి తెచ్చి వైఫై డబ్బా పక్కన పెట్టింది. ఛార్జరు గుచ్చింది. తెర ఆరిపోకుండా సర్దింది. "ఇక ముట్టుకోకండి ఆంటీ. చంటిపిల్లని నిద్రపుచ్చినట్టు అనుకోండి" అని వెళ్ళిపోయింది.

నలభై దాటింది. అరవై అంది. పూర్తయిందంది. ముందు రాతలొచ్చాయి. ఫోటోలూ, మాటలూ వెనకనుంచి మెల్లిగా, పెళ్ళివారి బస్సులోంచి ఒక్కొక్కరే దిగినట్టు, రాత్రంతా దిగుతూనే ఉన్నాయి.

చివరి నాలుగు నెలలవి రాలేదు. మందుచీటీల అసలు కాగితాలు మావారి ఫైల్లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. షుగరు అంకెలు మీటరులోనే దొరికాయి. చాలా మీటర్లు పాత అంకెలు దాచుకుంటాయి, వెనక్కి నొక్కుతూ పోతే వరసగా చూపిస్తాయి. మనవడి పుట్టినరోజు ఫోటోలు కోడలు మళ్ళీ పంపింది. కొన్ని మాత్రం పోయాయి. ఏవి పోయాయో కూడా తెలీకుండా పోయాయి.

పదిగంటల వేళ అమ్మ ఉత్తరం ఒకటి దిగింది. నొక్కాను. "చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి..." కుక్కరు కూసింది. "అల్లుడుగారి మోకాలు ఎలా ఉంది? నువ్వుల నూనె కాచి రాయమను. ఆయన వినరు, నువ్వే రాయి." మావారు టీవీ గొంతు తగ్గించారు. "ఇంతే సంగతులు, ఇట్లు, అమ్మ."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "ఇంకోసారి పెట్టవోయ్" అన్నారాయన. మోకాలి మీద చెయ్యి వేసుకుని విన్నారు.

మర్నాడు చేసిన మొదటి పని, ఆ అకౌంటులో "మేడమ్" అనే పేరు కొట్టేయించి నా పేరు పెట్టించడం. పనికిరాని వీడియోలు తీసేసి గోదాములో చోటు చేశాం. అమ్మ మాటలన్నీ విడిగా ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి, పట్టుచీరల మధ్య పెట్టాను. ఒకే జాడీలో ఊరగాయంతా పెట్టకూడదని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

పూర్వం అత్తగారు బీరువా తాళాలు కోడలి కొంగున కట్టిన రోజున ఆ పిల్ల ఇంటి ఇల్లాలయినట్టు. మనం తాళాలు సంపాదించుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఎవరికి వారికే తెలుసు. అలాంటిది ఈ కొత్త బీరువా తాళంచెవి షాపు కుర్రాడి దగ్గరో, అబ్బాయి దగ్గరో, అల్లుడి దగ్గరో వదిలేసి తిరుగుతున్నాం. "నీకెందుకమ్మా, నేను పెడతాగా" అని వాళ్ళు ప్రేమగానే అంటారు. ప్రేమ వేరు, తాళం వేరు.

కాబట్టి చెల్లెమ్మలూ, అక్కయ్యలూ, ఈ రాత్రి పప్పు నానబోశాక ఓ పది నిమిషాలు ఫోను తెరవండి. సెట్టింగుల్లో చాట్ బ్యాకప్ అని ఉంటుంది. ఏ అకౌంటులోకి పోతోంది? అది మీ పేరునే ఉందా? ఆఖరిసారి ఎప్పుడు నకలు తీసింది? గోదాములో చోటుందా? ఈ నాలుగూ చూడండి. 2021 నుంచి ఆ నకలుకి విడిగా ఒక పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది. పెట్టుకుంటే మంచిదే గాని, అది మర్చిపోతే వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరు. అందుకని వంటల పుస్తకంలో కాదు, బీరువాలో ఉండే పుస్తకంలో రాసుకోండి. ఫోను మార్చాల్సివస్తే, పాతది పనిచేస్తూ ఉంటే ఈ గోదాము గొడవే అక్కర్లేదు. 2023 నుంచి ఆండ్రాయిడ్‌కి ఆండ్రాయిడ్ పక్కపక్కన పెట్టి, క్యూఆర్ బొమ్మ చూపిస్తే, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి నేరుగా పోస్తుంది. కొత్తదాంట్లో అన్నీ వచ్చాయని మీ కళ్ళతో చూసుకునేదాకా పాతది మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఎంత మంచి స్టీలు గిన్నె ఇస్తామన్నా సరే.

గుడ్ మార్నింగ్ గులాబీలంటారా, అవి పోతే పోనివ్వండి. రేపు పొద్దున్నకి ఎలాగూ మళ్ళీ పూస్తాయి.