మా టైగర్ రాత్రిపూట ఎందుకు అరిచేది?

ఈ సంచికలో మిత్రులు చదువు గురించి, క్రమశిక్షణ గురించి, మహనీయుల గురించి రాస్తున్నారు. పదో తరగతి వాళ్లమైన మేము మాత్రం ఒక కుక్కపిల్ల గురించి రాయాలనుకున్నాం. నవ్వకండి. ఏడేళ్లు ఈ హాస్టల్‌లో ఉండి కూడా మేము నేర్చుకోని ఒక పాఠాన్ని అది పది రాత్రుల్లో నేర్పింది.

అది కార్తీక మాసం. చలి అప్పుడే మొదలైంది. మన హాస్టల్ ముందు రోడ్డు మీద లారీ కింద పడి ఒక కుక్క చనిపోయింది. దానికి నాలుగు పిల్లలు. మూడింటిని ఊళ్లో వాళ్లు తీసుకుపోయారు. మిగిలిన ఒక్కటి నీళ్ల ట్యాంకు కింద ముడుచుకుని పడుకుని ఉంటే మేము ఎత్తుకొచ్చాం. గోధుమరంగు ఒళ్లు, వీపు మీద నల్లని చారలు ఉన్నాయని టైగర్ అని పేరు పెట్టాం. చూడబోతే పిల్లికంటే చిన్నది!

మొదటి రాత్రి స్టోర్ రూం పక్కనున్న ఖాళీ గదిలో గోనెసంచి పరిచి, గిన్నెలో పాలు పోసి, తలుపు గడియపెట్టి వచ్చేశాం. లైట్లు ఆర్పిన పది నిమిషాలకు మొదలుపెట్టింది. ముందు కుయ్ కుయ్‌మని మూలిగింది. తర్వాత గొంతు పెంచి అరిచింది. తలుపును గోళ్లతో గీకింది. తెల్లవారుజామున మూడింటి దాకా అదే పని. రెండో రాత్రి గేటు దగ్గర వేపచెట్టుకు కట్టేశాం. ఇంకా ఎక్కువ అరిచింది. మాలో ఒకడు కోపం పట్టలేక చెప్పు విసిరాడు. ఆ సంగతి దాచకుండా ఇక్కడ రాస్తున్నాం. మూడో రాత్రి అరిచినప్పుడల్లా ఒకరు పరుగెత్తి ఎత్తుకున్నారు. ఒళ్లో ఉంటే ఊరుకునేది, దించితే మళ్లీ మొదలు.

నాలుగో రోజు లెక్కల స్లిప్ టెస్టులో సగం మందిమి నిద్రపోయాం. సాయంత్రం వార్డెన్ సార్ పిలిచారు.

"పబ్లిక్ పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఒక్క కుక్కపిల్ల కోసం హాస్టల్ అంతా నిద్ర పాడుచేసుకోవాలా? పది రోజులు చూస్తాను. అరుపు మాన్పించండి, టీకా సంగతి కూడా కనుక్కోండి. మీ వల్ల కాకపోతే ఊరి బయట వదిలిరావాల్సిందే" అన్నారు.

ఊరి బయట పెద్ద కుక్కల గుంపు ఉంటుంది. అక్కడ వదిలితే ఏమవుతుందో మాకు తెలుసు. మరునాడు శనివారం మధ్యాహ్నం అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారు దాని పళ్లు చూసి, వయసు ఎనిమిది వారాలు ఉంటుందన్నారు.

"ఇది పొగరుతో అరవడం లేదు బాబూ. మొన్నటిదాకా తల్లి పొట్ట దగ్గర, తోబుట్టువుల మధ్య వెచ్చగా పడుకుంది. ఇప్పుడు చీకట్లో ఒంటరిగా ఉంది. నేనిక్కడ ఉన్నాను, ఎవరైనా రండి అని పిలుస్తోంది. కొడితే భయం ఎక్కువై ఇంకా అరుస్తుంది. అరిచినప్పుడల్లా ఎత్తుకుంటే, అరిస్తేనే వస్తారని నేర్చుకుంటుంది. రెండూ తప్పే" అన్నారు.

విరేచనాలు అవుతున్నాయని చెబితే, ఆవుపాలు చాలా కుక్కపిల్లలకు అరగవన్నారు. మెత్తగా పిసికిన అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టమన్నారు. ఉల్లిపాయ వేసిన కూరలు, ఉడికిన కోడి ఎముకలు వద్దన్నారు. అక్కడే నులిపురుగుల మందు వేశారు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలని చీటీ రాసిచ్చారు.

ఆ రాత్రి నుంచి స్టడీ అవర్‌కు ఉన్నట్టే టైగర్‌కూ ఒక టైం టేబుల్ పెట్టాం. ఏడింటికి తిండి. తొమ్మిదింటికి పుస్తకాలు మూశాక పావుగంట ఆట. పడుకోబోయే ముందు వేపచెట్టు దాకా తీసుకెళ్లి మూత్రం పోయించడం. గోనెసంచి వేసిన అట్టపెట్టెను ఖాళీ గదిలోంచి తెచ్చి మా హాలు తలుపు పక్కనే పెట్టాం, మా ఊపిరి, మా దగ్గు దానికి వినబడాలని. మేము కప్పుకుని మాపిన పాత దుప్పటి ముక్క అందులో వేశాం. సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. రెండు నెలల పిల్ల తెల్లవార్లూ మూత్రం ఆపుకోలేదు కాబట్టి రాత్రి ఒంటిగంటకు, నాలుగింటికి వంతులవారీగా లేచి బయటికి తీసుకెళ్లేవాళ్లం. అప్పుడు మాట్లాడకూడదు, ఆడించకూడదు. పని కాగానే మళ్లీ పెట్టెలో పెట్టాలి. మూలిగితే వెంటనే ఎత్తుకోకుండా, కాస్త ఊరుకున్నప్పుడు పెట్టెలో చెయ్యిపెట్టి నిమరాలి. పగలు కూడా ముందు ఐదు నిమిషాలు, తర్వాత పది, తర్వాత అరగంట ఒంటరిగా ఉంచి అలవాటు చేశాం.

మొదటి రాత్రి గంటసేపు అరిచింది. రెండో రాత్రి అరగంట. మూడో రాత్రి ఒంటిగంటకు వంతు ఉన్నవాడు లేచి చూస్తే పెట్టె పక్కన నేలమీద ఎవరో కూర్చుని ఉన్నారు. మూడో తరగతి తమ్ముడు! వాళ్ల అమ్మానాన్నలు మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్తూ ఆ నెలలోనే ఇక్కడ చేర్పించి పోయారు.

"ఏంరా, ఇక్కడ కూర్చున్నావ్?"

"దీనికి అమ్మ లేదు కదన్నా. చెయ్యి పెడితే ఊరుకుంటాంది."

"నీకు నిద్ర రావట్లేదా?"

వాడు తలదించుకున్నాడు. ఒళ్లో వాళ్లమ్మ చీరముక్క ఉంది.

మాకు నోట మాట రాలేదు. చేరిన రోజు నుంచి వాడు రాత్రిళ్లు దుప్పట్లో ఏడుస్తూనే ఉన్నాడు. మేము విన్నాం. "ఆపుతావా లేదా, సార్‌కు చెప్పమంటావా?" అని కసిరాం కూడా. కుక్కపిల్ల ఎందుకు అరుస్తోందని అంతదూరం వెళ్లి డాక్టరుగారిని అడిగిన మేము, వాడు ఎందుకు ఏడుస్తున్నాడని ఒక్కరోజూ అడగలేదు. మమ్మల్ని మూడో తరగతిలో ఇక్కడ దింపిన రోజు మేమూ అలాగే ఏడ్చామని మరిచిపోయాం.

ఆ రాత్రే వాడి ట్రంకుపెట్టెను, చాపను మూలనుంచి తెచ్చి మా ఇద్దరి మధ్య వేశాం. పడుకునే ముందు కాసేపు వాళ్ల ఊరి కబుర్లు చెప్పించుకునేవాళ్లం. ఆదివారం వార్డెన్ సార్ ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడించారు. సాయంత్రం టైగర్‌కు అన్నం పిసికే పని వాడికే అప్పగించాం.

ఎనిమిదో రాత్రి టైగర్ రెండుసార్లు మూలిగి పడుకుంది. పదో రాత్రి అరవనే లేదు. పక్కన తమ్ముడూ నిద్రపోయాడు. పొద్దున వార్డెన్ సార్ పెట్టె దగ్గర నిలబడి చూసి, "సరే, ఉండనివ్వండి. టీకా మాత్రం మరిచిపోవద్దు" అన్నారు. మూడు నెలలు నిండగానే వేయించాం.

టీకా గురించి తమ్ముళ్లకు ఒక మాట. ఏ కుక్క కరిచినా, గోరు గీరినా పసుపూ కారమూ పెట్టి ఊరుకోకండి. కారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. 1885లో లూయీ పాశ్చర్ ఈ టీకాను మొదట వేసింది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికే. ఆ పిల్లవాడు బతికాడు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు.

ఇప్పుడు టైగర్ పెద్దదైంది. రాత్రి గేటు దగ్గర కొత్తవాళ్లు కనబడితే అరుస్తుంది. ఆ అరుపు వేరు, అది కాపలా. దాన్ని మాన్పించకండి.

పరీక్షలు కాగానే మేము వెళ్లిపోతాం. టైగర్‌ను మీకు అప్పగిస్తున్నాం. జూన్‌లో కొత్త తమ్ముళ్లు ట్రంకుపెట్టెలతో వస్తారు. మొదటి వారం రాత్రిళ్లు ఏడుపు వినబడుతుంది. కసరకండి. మీ చాప పక్కన కాస్త చోటివ్వండి.

— పదో తరగతి విద్యార్థులు