కఱవుసీమ నుండి కడలి యావలికి



అనంతపురమునుండి కదిరికి పోవు బాట నేను కాపురమునకు వచ్చిన నాటినుండి పలుమాఱు ప్రయాణము చేసినదే. అయినను ఈ యేటి రోహిణికార్తె చివర మా ఆడపడుచుతో గూడి చేసిన ప్రయాణము వెనుకటి వానివంటిది కాదు. ఆమె వైద్యవిద్య ముగించినది. పది దినములలో పైచదువునకై అమెరికాకు పోవలసియున్నది. పరీక్షలు వ్రాయుచున్నదని ముదిగుబ్బకు ఆవల పల్లెలోనున్న తల్లికి తెలియునుగాని, ప్రయాణము స్థిరపడినదని తెలియదు. ఆ మాట స్వయముగా చెప్పి సెలవు తీసికొనవలెనని ఆమెయు, ఆమెకు తోడుగా నేనును బయలుదేరితిమి. మా యింటివారు బడిపిల్లలకు ఎంతటి కఠినపద్యమునకైనను అర్థము చెప్పగలరుగాని తల్లి కన్నీరు చూడలేరు. పనియున్నదను నెపమున ఇంటనే నిలిచిపోయిరి.

ఊరు దాటిన వెంటనే ఎఱ్ఱని నేల. దున్నిన చేలు విత్తనమునకై ఎదురుచూచుచున్నవి. మా సీమకు ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కును. నైరృతి గాలులు పడమటి కనుమలయొద్దనే తమ బరువు దించి వట్టిచేతులతో ఇటు వచ్చును. ఈశాన్యపు గాలులు తూర్పు తీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. నేలయు లోతైనది కాదు. నాలుగు దినములు ఎండ కాసిన తడి యాఱిపోవును. దీనికి తాళగలిగినది వేరుసెనగ యని రైతులు తరతరములుగా దానినే నమ్ముకొనియున్నారు. ఆనాడు మబ్బులు గుంపులు గుంపులుగా తూర్పునకు పరుగెత్తుచుండెను. మా ముందు కూర్చున్న ముసలిరైతు కిటికీలోనుండి వానిని చూచి, "పోతాండాయి" అని ఒక్కమాట పలికి కన్నులు మూసికొనెను. ఆ మాట మబ్బులను గూర్చినదే యైనను నా ప్రక్కనున్న పిల్ల తల వంచుకొనెను.

ఆమె ఏల పోవుచున్నదో ముందు చెప్పవలెను. మన దేశమున ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరము వైద్యశాలలో పని. అటుపిమ్మట ఒక శాఖలో ప్రవీణులు కాగోరువారు నీట్-పీజీ పరీక్ష వ్రాయవలెను. 2024లో ఆ పరీక్షకు కూర్చున్నవారు రెండు లక్షలకు పైబడిరి. స్థానములు అందఱకు చాలవు. మా ఆడపడుచు రెండుమాఱులు వ్రాసినది. కోరిన జనరల్ మెడిసిన్ శాఖలో ప్రభుత్వపు స్థానము అందలేదు. రుసుము చెల్లించి చేరుదమన్న, మాకున్న మెట్టభూమి యంతయు అమ్మినను ఒక సంవత్సరపు రుసుమునకు చాలదు. అప్పుడామె సముద్రమువైపు చూచినది.

ఆ త్రోవ యెట్టిదని నేనడుగగా బస్సులోనే విప్పిచెప్పెను. మొదటిది యు.ఎస్.ఎం.ఎల్.ఇ. అను పరీక్ష. బెంగుళూరులో ఒక గదిలో కంప్యూటరు ముందు దినమంతయు కూర్చుండి వ్రాసినది. 2022 జనవరినుండి ఆ మొదటి మెట్టునకు మార్కులు లేవు; నెగ్గుటయో, తప్పుటయో మాత్రమే. అందువలన తొమ్మిదిగంటల రెండవ మెట్టులో వచ్చు మార్కులకే విలువ హెచ్చినది. రోగితో ఆంగ్లమున మాటలాడగలదా యని చూచుటకు మఱియొక పరీక్ష. కొందఱు అక్కడకు పోయి ఒకటి రెండు నెలలు వైద్యుల వెంట తిరుగుదురు. చూడవచ్చునుగాని రోగిని తాకరాదు. సెప్టెంబరులో దరఖాస్తులు, చలికాలమంతయు ముఖాముఖి సంభాషణలు, మార్చి మూడవ వారమున ఫలితము. వైద్యులు తమకు నచ్చిన వైద్యశాలలను వరుసగా వ్రాయుదురు. వైద్యశాలలు తమకు నచ్చిన వైద్యులను వరుసగా వ్రాయును. యంత్రము రెండు వరుసలను పొత్తుకూర్చును. "ఇరుప్రక్కల వారికిని చేత దండయున్న స్వయంవరమన్నమాట" అని నేననగా ఆమె ఆ దినమున మొదటిసారి నవ్వెను. కాని ఆ స్వయంవరమున దండ పడనివారును కలరు. 2024, 2025 సంవత్సరములలో విదేశములనుండి దరఖాస్తుచేసిన పరదేశ వైద్యులలో నూటికి అరువదిమందికి లోపుగానే స్థానము దొరకినది. తక్కినవారికి మిగులునది అప్పు. ఇంగ్లండునకు పోవువారికి ప్లాబ్ అను పరీక్ష రెండు భాగములు. రెండవది మాంచెస్టరు నగరమున. అది నెగ్గినంతమాత్రమున ఉద్యోగము చేతికి రాదు. పిల్లలను పంపదలచిన తల్లులు ఈ లెక్కలు కూడ తెలిసికొని పంపవలెనని వ్రాయుచున్నాను.

బత్తలపల్లిలో దిగితిమి. ఇచ్చటి పెద్ద వైద్యశాల మా సీమలో ఎఱుగనివారు లేరు. 1920లో స్పెయిన్ దేశపు బార్సిలోనాలో జన్మించిన విన్సెంట్ ఫెర్రరుగారు 1969లో అనంతపురమునకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పిరి. బడులు, ఇండ్లు, చెక్‌డ్యాములు, వైద్యశాలలు కట్టించిరి. 2009లో అనంతపురముననే కన్నుమూసిరి. ఆయన సమాధి బత్తలపల్లిలోనే కలదు. స్పెయిన్ వైద్యులు ఎందఱో సెలవులు పెట్టుకొని ఇటకు వచ్చి పల్లెవారికి శస్త్రచికిత్సలు చేసిపోయిరి.

సమాధియొద్ద కొంతసేపు నిలుచుండి మా ఆడపడుచు, "వదినా, ఈ పెద్దాయన ఇంటిని వదిలి వచ్చినప్పుడు ఆయన ఊరివాళ్ళు గూడా నన్ననుకొన్నట్లే అనుకొని ఉంటారా?" అని అడిగెను.

"ఆయన రాకతో బాగుపడినవారము మనము ఉన్నాము. నీ పోకతో బాగుపడేవారెవరో నాకు కనబడలేదు" అంటిని. అనిన వెంటనే అంత కటువుగా అనకుండవలసినదని తోచెను. ఆమె బదులు పలుకలేదు.

మరల బస్సెక్కిన పిదప నా మనస్సున నిలిచినది యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ. 1895లో భీమవరమున పుట్టి, మదరాసు వైద్యకళాశాలలో చదివిరి. ఖద్దరు ధరించినందున ఆచార్యునకు ఆగ్రహము కలిగి, ఎం.బి.బి.ఎస్. పట్టము రాక తక్కువపాటి ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెనని చెప్పుదురు. పిదప బోస్టనుకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, ఆ పట్టముతో వైద్యవృత్తికి అవకాశము లేక, రాత్రివేళ వైద్యశాలలో కూలిపని చేయుచు చదువుకొనిరి. ఆయన చేసిన పరిశోధనల ఫలము లోకమంతయు అనుభవించుచున్నది. కాని 1948లో అచ్చటనే మరణించిరి. ఒక్కసారియైనను తిరిగి రాలేదు. ఆయన భార్య శేషగిరిగారు ఇక్కడనే ఉండిపోయిరి. గొప్పవారి చరిత్రలు చదువునప్పుడు మనము, స్త్రీలము, ఆ వెనుకనుండిన వాకిలివైపు కూడ చూతుము. మా అత్తగారు ఆ వాకిట కూర్చున్నట్లే నాకు తోచెను.

పల్లె చేరుసరికి ప్రొద్దు వాలినది. మా మామగారికి ఆఱేండ్ల క్రిందట ఒకరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు అందుబాటులోనున్న వైద్యశాలలో గుండెవైద్యుడు లేకపోయెను. బెంగుళూరునకు కొనిపోవుచుండగా త్రోవలోనే ప్రాణము విడిచిరి. ఈ పిల్ల అప్పటికి వైద్యవిద్యార్థిని. "పాప డాక్టరైతే ఇంగ మనకు బయములేదు" అని అత్తగారు నాటినుండి ఊరందఱితో చెప్పుచుండెడివారు. ఇపుడు ఆ పాపయే అరుగుమీద కూర్చుండి తన ప్రయాణము మాట చెప్పెను.

అత్తగారు చాలసేపు ఊరకుండి, "ఎప్పుడొస్తావు?" అని మాత్రము అడిగిరి.

చదువు మూడేండ్లని, ఆమె పోవు జె-1 వీసాకై మన ప్రభుత్వమునకు తిరిగి వత్తునని వ్రాసి యిచ్చితినని పిల్ల చెప్పెను.

"రాసిచ్చినావు గదా. అట్లయితే మూడేండ్లకొస్తావు."

ఇంతటితో ఆమె ఊరకున్నను తల్లి తృప్తిపడియుండును. కాని ఆమె అబద్ధమాడలేదు. చదువు ముగిసిన పిదప స్వదేశమున రెండేండ్లు ఉండవలెననునది నియమము. దానిని తప్పించుకొనుటకును ఒక త్రోవ కలదు. కాన్రాడ్ అను సెనేటరు పేర 1994లో ఏర్పడి, గడువు తీరినప్పుడెల్ల పొడిగింపు పొందుచు వచ్చిన ఆ యేర్పాటునుబట్టి, అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రము ఏటికి 30 మంది వైద్యులకు మినహాయింపు కోరవచ్చును. వారు వైద్యులు చాలని చోట మూడేండ్లు పనిచేయవలెను. పలువురు ఆ త్రోవనే పట్టుచున్నారు.

"ఆ దేశములో గూడా డాక్టర్లు లేని ఊర్లుండాయా?" అని అత్తగారు ఆశ్చర్యపడిరి.

"ఉండాయమ్మా."

"మన ఊరట్లాటివేనా?"

ఆ పిల్ల తల్లి చేయి పట్టుకొని, "నేను ఏ దారి పడతానో ఇప్పుడే తేల్చి చెప్పలేనమ్మా" అనినది. ఆ రాత్రి ఎవ్వరమును సరిగా భోజనము చేయలేదు.

నాకు నిద్ర పట్టలేదు. అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రపు చెఱువుకథ మీకు తెలిసియే యుండును. కట్ట తెగబోవగా, చిన్నకోడలు ముసలమ్మ గండికి ఆహుతియైన ఊరు నిలుచునని దైవవాణి పలికెనట. ఆ యిల్లాలు అందఱియొద్ద సెలవు గైకొని నడచిపోయి గండిలో నిలిచెనట. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగానుండగా ఆ కథను కావ్యముగా రచించిరి. చిన్ననాట నాన్నగారు దానిని నాకు చదివి వినిపించినపుడు ముసలమ్మ త్యాగమునకు నేను కన్నీరు విడిచితిని. ఆ రాత్రి మాత్రము వేఱొక ప్రశ్న పుట్టినది. కట్టకు ఏటేట మన్ను వేసి, తూము బాగుచేసియుండిన, ఆ పిల్లను అడుగవలసిన అవసరమేమి? వైద్యులు చాలక, చదువుటకు చోటు చాలక, చదివినవారు పల్లెలో నిలుచుటకు ఇల్లును పనిముట్టును చాలక తెగిన కట్ట ఇది. దానికి ఇరువదియాఱేండ్ల పిల్లను అడ్డము నిలువుమని బత్తలపల్లిలో నేను పలికిన మాట న్యాయమైనది కాదు. ఐనను మా అత్తగారి ప్రశ్నయు అన్యాయమైనది కాదు.

తెల్లవాఱునప్పటికి డాక్టరమ్మ వచ్చినదని ఊరంతయు తెలిసిపోయినది. అరుగు నిండినది. ఒక గర్భిణిని ఆశా కార్యకర్త వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె చేత ప్రభుత్వము పంచు ఎఱ్ఱని ఇనుపధాతువు మాత్రలున్నవి. కడుపులో త్రిప్పుచున్నదని మ్రింగుట మానినదట. మా ఆడపడుచు ఆమె క్రిందిరెప్ప దించి చూచి, రక్తము తక్కువగానున్నదని, పరగడుపున సరిపడకున్న అన్నము తినిన పిదప మ్రింగుమని, కాఫీ టీలతో మాత్రము కలుపవద్దని, రక్తపరీక్షకు తప్పక పోవలెనని నెమ్మదిగా బోధించెను. ఆ మాత్రలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లము ఉండును. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు, తిరిగి రాని ఆ భీమవరపు సుబ్బారావుగారే. ఆ సంగతి నాకు జ్ఞప్తికి వచ్చి, రాత్రి తీర్పు చెప్పుకొనినంత సులువుగా ఉదయమున తీర్పు చెప్పుకొనలేకపోతిని.

పది గంటల బస్సు పోయినది. పిదప పండ్రెండు గంటలదియు పోయినది. ఆమె లేవలేదు. చివరి రోగి పోయిన తరువాత అత్తగారు సెనక్కాయల మూట కట్టి కూతురి చేతికిచ్చి, "రేపొచ్చేటోళ్ళకు నేనేమి చెప్పల్ల?" అని అడిగిరి. కోపముతో కాదు, నిజముగా తెలిసికొనగోరియే అడిగిరి.

పిల్ల కన్నులు తుడుచుకొనెను. నేనును ఏమియు చెప్పలేకపోతిని. కాని ఆ ప్రశ్నకు మా ఆడపడుచు ఒక్కతెయే జవాబుదారి కాదని మాత్రము అప్పటినుండి నా నమ్మకము. పోవు పిల్లలను నిందించుటకును, పొగడుటకును ముందు, మన మండలపు వైద్యశాలలో ఎన్ని కుర్చీలు ఖాళీగా నున్నవో, అవి ఏల ఖాళీగా నున్నవో మనలో ఎందఱము అడిగితిమి? వచ్చు సోమవారము కలెక్టరుగారి అర్జీల దినమున మా పల్లె స్త్రీలము ఆ ప్రశ్న కాగితముమీద వ్రాసి తీసికొనిపోవ నిశ్చయించితిమి. మొదటి సంతకము మా అత్తగారిది.