అమ్మ వేలు ఆనని స్టవ్

ఈ వారం హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారం. ఇవాళ మా ఇంటి స్టవ్ గురించి చెప్పాలి. నవ్వకండి.

అమ్మ పలాస పక్క ఊరు వదిలి విజయనగరంలో మా అద్దింటికి వచ్చి ఏడాదైంది. ఒక జ్వరం తర్వాత ఆమెకి వాసన తెలీటం లేదు. గ్యాసు లీకైనా పసిగట్టలేదు. ఉచిత సిలిండర్ల దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న మా శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే మొదలుపెట్టారు. సిలిండరుకి లోటు లేదు గానీ నా భయం నాది. అందుకే నేను కాలేజీకి వెళ్లాక అమ్మ వంటంతా ఇండక్షన్ స్టవ్ మీదే.

ఆరేళ్లు వాడిన ఆ స్టవ్‌కి ఒకరోజు బటన్లు పడిపోయాయి. ప్లస్ నొక్కితే ఉలకదు, పలకదు. సర్వీసు సెంటర్లో అడిగితే ఈ మోడల్‌కి ప్యానెల్ రావట్లేదు, కొత్తది కొనుక్కోమన్నారు. కొన్నాను. పైన నున్నటి గాజు, బటన్లే లేవు. టచ్.

అమ్మ వేలు ఆనించింది. వెలగలేదు. మళ్లీ గట్టిగా ఒత్తింది. నేను ఆనిస్తే కూసింది. చీర కొంగుతో గాజు తుడిచి మళ్లీ తను. ఊహూ.

"నీ ఏలంటే పలుకుతోంది. నా ఏలంటే దానికేటో కోపంరా బాబూ" అంది.

కోపమేం కాదు. ఆ గాజు కింద సెన్సరుంటుంది. వేలు దగ్గరికొస్తే అక్కడి విద్యుత్ క్షేత్రం కొద్దిగా మారుతుంది, సెన్సరు పట్టుకునేది ఆ మార్పునే. చర్మం ఎండిపోయి, కాయ కట్టి ఉంటే ఒక్కోసారి ఆ మార్పు దానికి చాలదు. అమ్మ ఏళ్ల తరబడి పలాసలో జీడిపిక్కలు కొట్టింది. ఆ తొక్కలోంచి వచ్చే నూనె చేతుల్ని కాల్చేస్తుంది, తోలు ఊడి మళ్లీ మందంగా వస్తుంది. రేషన్ మెషీను కూడా ఆమె వేలిముద్రని ఒక పట్టాన ఒప్పుకోదు.

క నుంచి మ దాకా 25 అక్షరాల్ని వ్యాకరణం స్పర్శాలంటుంది. నోట్లో ఒకదాన్నొకటి తాకితే పుడతాయి గనక. ఏటా క్లాసులో చెబుతాను. చెప్పినప్పుడల్లా అమ్మ చిన్నతనం గుర్తొస్తుంది. పదేళ్లకే ఊళ్లో పెద్దింటికి కర్రలు మోసింది. మోపు పెరట్లో దించాలి, గడప దాటకూడదు. ఆ ఇంటి పొయ్యి మండిందే ఆమె మోసిన కర్రతో. ఆ పొయ్యి ఎలా ఉంటుందో ఆమె చూళ్లేదు. ఆర్టికల్ 17 అప్పటికే రాజ్యాంగంలో ఉంది.

పాత స్టవ్ అటక మీంచి దించాను. కోట జంక్షన్ దగ్గర చిన్న రిపేరు కొట్టుకి ఇద్దరం వెళ్లాం. కుర్రాడు ఐటీఐ చదివాడు. అడుగున స్క్రూలు విప్పాడు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లో కరెంటు నిలవుండొచ్చు, చెయ్యి పెట్టొద్దు సార్ అని నన్ను ఆపాడు. ప్యానెల్ స్టిక్కరు కిందికి నూనె దిగి, బటన్ల కాళ్ల దగ్గర పచ్చగా చిలుము పట్టింది. ఏ ప్యానెల్ పడితే అది పెట్టకూడదట. వైర్ల లెక్క ఒకటే అయినా మెయిన్ బోర్డుతో మాట కలవకపోతే ఎర్రర్ చూపిస్తుంది. పాత సామాను గుట్టలో అరగంట వెతికి, చచ్చిపోయిన అదే మోడల్ స్టవ్ ఒకటి లాగాడు. దాని ప్యానెల్ ఊడదీసి, బటన్లు కొత్తవి అతికించి మా దానికి వేశాడు. 350 రూపాయలు. (కంపెనీకి దొరకని ప్యానెల్ కోట జంక్షన్లో దొరికింది, అది వేరే వ్యాసం.)

గిన్నెలో నీళ్లు పోసి పైన పెట్టాడు. "మామ్మా, నువ్వే నొక్కి చూడు" అన్నాడు.

అమ్మ చెయ్యి చాపి, సగంలో ఆపేసింది.

"ముట్టుకోవచ్చునేటి బాబూ?"

"షాకేం కొట్టదు మామ్మా" అన్నాడు పాపం ఆ కుర్రాడు.

అమ్మ నా వైపు చూసింది. తర్వాత టిక్కుమని నొక్కింది.