వీధిలో నిలిపే పాత కారు: దొంగతనానికి ముందే వేసుకోవాల్సిన లెక్క

వీధిలో నిలిపే పాత కారుకు మూడు నష్టాలు పొంచి ఉంటాయి. బండి మొత్తం పోవడం మొదటిది. బ్యాటరీ, హబ్ క్యాపులు, గ్రిల్లు, సైడ్ అద్దాలు, కార్బురేటర్ ఒక్కొక్కటిగా మాయమవడం రెండోది. పోయిన బండి విలువను రుజువు చేసుకోలేకపోవడం మూడోది. మొదటి రెండూ దొంగ పని, మూడోది యజమాని అశ్రద్ధ. డబ్బు లెక్కలో ఈ మూడోదే పెద్దది. పోయినదాన్ని పూడ్చుకునే దారిని అదే మూసేస్తుంది.

మన వీధుల్లో పాత కారంటే ఎక్కువగా కనిపించేవి కొన్నే. ఉత్తరపారాలో తయారై 2014లో ఆగిపోయిన అంబాసిడర్, ముంబయి కుర్లా నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో మొదలై 2014లో ముగిసిన మారుతి 800, అరుదుగా మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. వీటికి కంపెనీ విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. 2023 అక్టోబరు చివరికి ముంబయి రోడ్ల నుంచి పద్మిని ట్యాక్సీలు కూడా తప్పుకున్నాయి. భాగాలు కరువైన కొద్దీ దొంగకు బండి విలువ పెరుగుతుంది. అతను దాన్ని నడపడానికి తీసుకుపోడు, విప్పడానికి తీసుకుపోతాడు. దొంగిలించిన బండ్లను విప్పి అమ్మే చోటుగా పేరుపడ్డ మీరట్ సోతీగంజ్ దుకాణాలను 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. విప్పేసిన కారు దొరికినా తిరిగి కారు కాదు.

ఈ బండ్లను ఎత్తుకుపోవడం తేలిక. కొత్త కార్లలో తాళంచెవిలోని చిప్పును గుర్తిస్తే తప్ప ఇంజిన్ అందుకోదు. పాత బండిలో ఇగ్నిషన్ స్విచ్ ఒక మామూలు విద్యుత్ స్విచ్చే. డోర్ లాకులు ఏళ్ల వాడకంతో అరిగి, దగ్గరి సైజు తాళంచెవి ఏది పెట్టినా తిరుగుతాయి. ముందు తలుపులకున్న చిన్న త్రికోణపు అద్దం గొళ్లెం వదులైతే చెయ్యి లోపలికి పోతుంది. అలారం అసలే ఉండదు.

ఇంత బలహీనమైన బండి విషయంలో తెలుగు కుటుంబాల్లో తరచూ వినిపించే సలహా ఒకటుంది: “పాత ఇనుముకి ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకురా, థర్డ్ పార్టీ కట్టి ఊరుకో!” మేనమామో బాబాయో ప్రేమతోనే చెబుతారు, పెద్దవాళ్ల మాట కాబట్టి ఎవరూ లెక్క వేయరు. థర్డ్ పార్టీ పాలసీలో దొంగతనానికి ఒక్క రూపాయి రాదు. బండి పోయిన రోజున సలహా ఇచ్చినవారు సానుభూతి మాత్రమే ఇవ్వగలరు, నష్టం యజమానిదే. ఈ సలహా ఎంత ఖరీదైనదో అంకెల్లో చూడాలి.

హైదరాబాద్ నారాయణగూడలో వీధి పక్కన నిలిపే 1998 మోడల్ పద్మిని ఉందనుకుందాం. ఇంజిన్ 1089 సీసీ. బాడీ, రంగు, ఇంజిన్ పనులన్నీ చేయించి ఉంది. సర్వేయర్ పరిశీలన తర్వాత ఐడీవీ, అంటే బండి పోతే బీమా సంస్థ లెక్కలోకి తీసుకునే విలువ, మూడు లక్షలుగా కుదిరింది. 1000 నుంచి 1500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం రూ.3,416. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.4,031. సలహా ప్రకారం ఖర్చు ఇక్కడితో సరి.

ఫుల్ ఇన్సూరెన్స్‌లో సొంత బండి నష్టానికి వర్తించే భాగం ఓన్ డ్యామేజ్. దానికి అన్ని సంస్థలకూ ఒకే రేట్లుండే పాత టారిఫ్‌లో హైదరాబాద్ ‘ఏ’ జోన్ కింద ఉంది. పదేళ్లు దాటిన ఈ తరగతి కారుకు రేటు 3.529 శాతం. టారిఫ్ నుంచి 2007లోనే సడలింపు వచ్చి సంస్థలు సొంత రేట్లు వేస్తున్నా, అంచనాకు ఈ అంకె పనికొస్తుంది. మూడు లక్షలపై రూ.10,587, జీఎస్టీతో రూ.12,493. అదే బండి విజయవాడలో ఉంటే బీ జోన్ రేటు 3.430 శాతం, పన్నుకు ముందు తేడా రూ.297 మాత్రమే. అంటే మేనమామ సలహా మొదటి ఏడాది మిగిల్చేది రూ.12,493.

క్లెయిమ్ లేని ఏడాది గడిచిన కొద్దీ ఈ మొత్తం తగ్గుతుంది. క్లెయిమ్ లేనందుకు ఇచ్చే ఈ తగ్గింపు, ఎన్‌సీబీ, వరుసగా 20, 25, 35, 45, 50 శాతం. ఐడీవీ మారలేదనుకుంటే రెండో ఏడాది రూ.9,994, మూడో ఏడాది రూ.9,369, నాలుగో ఏడాది రూ.8,120, అయిదో ఏడాది రూ.6,871, ఆరో ఏడాది రూ.6,246. ఆరేళ్లకు మొత్తం సుమారు రూ.53,094. మూడు లక్షల ఆస్తికి ఇది 17.7 శాతం. ఆరేళ్లలో దొంగతనం జరిగే అవకాశం అంత ఉండదని, కాబట్టి బీమా నష్టమేనని వాదించవచ్చు. ఆ వాదనలో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఏటా తొమ్మిది వేలు భరించగల కుటుంబం ఒకే రాత్రి మూడు లక్షలు భరించలేకపోవచ్చు. రెండోది, ఈ ప్రీమియం దొంగతనం ఒక్కదానికే కాదు, ప్రమాదానికి, నిప్పుకు, వరదకు కూడా వర్తిస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ వీధిలోని వాహనాలు నీట మునిగాయి.

ఐడీవీ తగ్గించి ప్రీమియం మిగుల్చుకోవడం మరో పొరపాటు. అయిదేళ్ల లోపు కార్లకు తరుగు పట్టిక ఉంది. అయిదేళ్లు దాటినవాటికీ, తయారీ ఆగిపోయిన మోడళ్లకూ విలువను సంస్థా యజమానీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఏజెంట్ తనకు తోచిన రూ.60,000 వేస్తే చాలామంది సంతకం పెట్టేస్తారు. అప్పుడు ఓన్ డ్యామేజ్ ప్రీమియం పన్నుతో రూ.2,499, మిగిలేది ఏడాదికి రూ.9,994. బండి పోతే తగ్గేది రూ.2,40,000. ఒక్క దొంగతనం 24 ఏళ్ల ఆదాను మింగేస్తుంది. ఐడీవీ సరిగ్గా రావాలంటే మరమ్మతుల బిల్లులు, అన్ని వైపుల నుంచీ తేదీతో తీసిన ఫొటోలు, ఛాసిస్, ఇంజిన్ నంబర్ల చిత్రాలు, సర్వేయర్ నివేదిక పాలసీకి ముందే సంస్థకు అంది ఉండాలి. బండి పోయాక చూపే బిల్లులు ఐడీవీని పెంచలేవు.

పదిహేనేళ్లు దాటిన బండికి సమగ్ర పాలసీ ఇవ్వమనే సంస్థలున్నాయి. ఒకటి కాదంటే మరోదాన్ని అడగాలి. అదీ కుదరకపోతే థర్డ్ పార్టీకి తోడుగా నిప్పు, దొంగతనం వరకే వర్తించే పరిమిత పాలసీ గురించి అడగాలి.

పాలసీ ఉంటే సరిపోదు, ఆర్సీ బతికి ఉండాలి. పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2025 ఆగస్టు సవరణతో ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఈ ఫీజు రూ.10,000 అయింది, అంటే ఏడాదికి రూ.2,000. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన కారు దొంగతనానికి గురైన కేసులో, బీమా సంస్థ చెల్లించనక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండు వేలు మిగుల్చుకోబోయి మూడు లక్షల హక్కును పణంగా పెట్టడం ఏ లెక్కకూ నిలవదు.

తండ్రి నడిపిన కారు కొడుక్కో కూతురికో వచ్చిన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఆర్సీ, పాలసీ పోయినవారి పేరునే ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. యజమాని మరణాన్ని 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవాలి. పాలసీ కూడా మరణం తర్వాత మూడు నెలలో, గడువో, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది.

ఇక బండిని కదలనివ్వకుండా చేసే ఏర్పాట్లు. వీటిలో చౌకైనదీ నమ్మకమైనదీ డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్‌ను తీసి జేబులో వేసుకోవడం. అది లేకుండా పెట్రోలు బండిలో ప్లగ్గులకు నిప్పు అందదు. 1940లో జర్మన్ల దండయాత్ర భయంతో బ్రిటన్‌లో నిలిపిన కార్లను ఇలా పనిచేయకుండా చేయాలని ప్రభుత్వమే ఆదేశించింది. రోజూ వాడే బండికి ఇది విసుగు, వారానికోసారి తీసే బండికి చక్కగా సరిపోతుంది. రోజూ తీసేవారు ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే తీగ మధ్య రహస్య స్విచ్ పెట్టించుకోవచ్చు. నమ్మకమైన ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించి, అది ఉన్న చోటు ఇంట్లోవారికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. స్టీరింగ్‌కు అడ్డంగా వేసే కడ్డీ లాక్, చక్రానికి వేసే క్లాంప్ బయటికి కనిపిస్తాయి. వాటి ఉపయోగమే అది: దొంగ పక్క బండివైపు చూస్తాడు. చక్రపు క్లాంప్ ఒక్కటే బండిని తాడుకట్టి లాగకుండా కూడా ఆపుతుంది.

ఈ పరికరాలను ప్రీమియం రాయితీ కోసం కొనకూడదు. వాహన పరీక్షల సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన పరికరానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా రూ.500 తగ్గింపు ఉంది. పై ఉదాహరణలో అది రూ.265. రెండు వేల లాక్ ఖరీదు రాయితీతో రావాలంటే ఏడున్నరేళ్లు పడుతుంది. లాక్ కొనడానికి కారణం బండి ఉండటమే.

జీపీఎస్ ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు, పోయిన తర్వాతి గంటల్లో వెతకడానికి పనికొస్తుంది. పాత బండిలో దానికి బ్యాటరీ లెక్క ఉంది. ట్రాకర్ నిరంతరం 20 మిల్లీయాంపులు తాగితే రోజుకు 0.48 యాంపియర్ అవర్లు, నెలకు 14.4. బండి తీయకుండా నెల ఉంచితే 35 యాంపియర్ అవర్ల బ్యాటరీలో 41 శాతం అయిపోతుంది. బ్యాటరీ కటాఫ్ స్విచ్ వేస్తే ట్రాకర్ కూడా ఆగిపోతుంది. అందుకే సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్ తీసుకోవాలి.

షెడ్డు అద్దెకు దొరికితే అన్నిటికన్నా మేలు. వీధి దీపం కింద, కెమెరా ఉన్న ఇంటి ఎదుట, ముందు చక్రాలు గోడవైపు తిప్పి నిలపడం ఖర్చులేని జాగ్రత్త. 

బండి పోతే చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. వెంటనే పోలీస్ స్టేషన్‌లో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించాలి, అదే రోజు బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. పోలీసులకు వెంటనే చెప్పి, సంస్థకు చెప్పడంలో మాత్రం ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చరాదని 2020లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు ఉందని ఆలస్యం చేయడం తగదు. తర్వాత ఆచూకీ దొరకలేదన్న పోలీసు నివేదిక, ఆర్సీ, రెండు తాళంచెవులు సంస్థకు ఇవ్వాలి. పాత బండ్లకు చాలాసార్లు రెండో తాళంచెవి ఉండదు. ఆ సంగతి పాలసీ తీసుకునే రోజే రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి.

మొత్తం కూడితే ఆర్సీకి రూ.2,000, థర్డ్ పార్టీకి రూ.4,031, ఓన్ డ్యామేజ్‌కు రూ.12,493: మొదటి ఏడాది రూ.18,524, బండి విలువలో 6.2 శాతం. ఆరో ఏటికి రూ.12,277, అంటే 4.1 శాతం. ఇది భరించలేని కుటుంబం ఆ బండిని వీధిలో ఉంచుకోకుండా విలువ ఉన్నప్పుడే అమ్ముకోవడం మంచిది. భరించగలవారు ఎంత దగ్గరి బంధువు సలహానైనా కాగితం మీద కూడిక వేశాకే పాటించాలి. సలహా తప్పైతే ఆ నష్టం సంతకం పెట్టినవారి మీదే పడుతుంది. ఈసారి రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు ముందు ఐడీవీ గడి చూడండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.