దబ్బుణం, బ్లేడు

మా నాయినమ్మ దగ్గర ఒక దబ్బుణం ఉండేది. వాడీవాడీ నున్నబడి, కొస కాస్త వంగి ఉండేది. పని అయిపోగానే దర్వాజ పక్కన గోడ సందులో గుచ్చి పెట్టేది. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, దానితో బొంతలు కుట్టేది. 2011లో నేను డిగ్రీ చదువుకు హన్మకొండ బయల్దేరినప్పుడు నా పెట్టెలో ఒక బొంత పెట్టి, దాని మడతలో ఆ దబ్బుణం కూడా పెట్టింది. "సంచి చినిగితే కుట్టుకో బిడ్డా, కొత్తది కొనకు" అన్నది.

మాది చెల్పూర్. అప్పటికి వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లా అయింది. పరకాల దాటి భూపాలపల్లి వైపు వచ్చేవాళ్లకు ఊరి కన్నా ముందు పొగగొట్టం కనబడుతుంది. అది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 500 మెగావాట్ల మొదటి దశ 2010లో, 600 మెగావాట్ల రెండో దశ 2016లో నడకలోకి వచ్చాయి. నేను ఊరు విడిచేనాటికి ఒకటి నడుస్తోంది, ఇంకొకటి కడుతున్నారు. మా వాడకట్టులో ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ కూలికో కాంట్రాక్టు పనికో పోయేవాళ్లు. మా మేనమామ కూడా అక్కడే పనిచేసేవాడు.

హన్మకొండలో కేయూ క్రాస్ దగ్గర ముగ్గురం కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాం. బియ్యం, పచ్చడి ఇంటి నుంచి వచ్చేవి. చేతికి నెలకు రెండు వేలు. కిరాయి, గ్యాసు, కూరగాయలు, జిరాక్సులు పోను నెలాఖరుకు వంద రూపాయలు మిగిలితే గొప్ప. కొనే వీలు లేదు కాబట్టి చేసుకోవడం మొదలుపెట్టాను. మొదట అవసరానికి, తర్వాత ఇష్టంతో.

అన్నిటికన్నా బాగా వచ్చింది నోటుబుక్కుల పని. ఏడాది చివర ఒక్కో పాత పుస్తకంలో ఇరవై, ముప్పై కాగితాలు తెల్లగా మిగిలిపోతాయి. తెలిసినవాళ్ల గదులన్నీ తిరిగి అవి పోగుచేసేవాణ్ని. పిన్నులు ఊడదీసి, రాయని జంట కాగితాలు వేరుచేసి, ఎనిమిదేసి చొప్పున ఒకదానిలో ఒకటి పెట్టి మడిచేవాణ్ని. మడత మీద దబ్బుణంతో మూడు బెజ్జాలు. దారానికి ముందు కొవ్వొత్తి రుద్దాలి, అప్పుడు పీచులు లేవవు, ముడి జారదు. నడిమి బెజ్జంలోంచి దారం లోపలికి పోవాలి, పై బెజ్జంలోంచి బయటికి రావాలి, వెన్ను పొడుగునా దిగి కింది బెజ్జంలోంచి లోపలికి పోయి, తిరిగి నడిమి బెజ్జంలోంచి బయటికి రావాలి. అప్పుడు రెండు కొసలూ ఒక్కచోటే కలుస్తాయి. వెన్ను మీది నిలువు దారానికి చెరో పక్క ఒక కొస ఉంచి ముడి బిగిస్తే ఆ కట్ట ఇక కదలదు. అలాంటి కట్టలు ఆరేడు కలిపి, వెన్నుకు మైదా లై పూసి, పెళ్లి పత్రికల అట్ట అంటించేవాణ్ని. పురుగు పట్టకుండా లైలో చిటికెడు మైలుతుత్తం కలపాలి. అది విషం, చేతులు కడగకుండా అన్నం దగ్గర కూర్చోకూడదు. మూడేళ్లలో నేను కొన్న నోటుబుక్కులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కుట్టులో ఒక్కటి కూడా ఊడలేదని ఇప్పటికీ గర్వంగా చెప్తాను.

రాసుకునే బల్ల కూడా చేసుకున్నాను. బొగ్గు కాల్చాక మిగిలే బూడిదలో ఇసుకో రాతిపొడో వేసి, సున్నమో సిమెంటో, కొంచెం జిప్సం కలిపి ఒత్తి చేసే ఇటుకలు మా వైపు అందరికీ తెలిసినవే. వాటిని బట్టీలో కాల్చరు, నీళ్లు పోసి తడిపి గట్టిపరుస్తారు. ఊరి నుంచి సామాను తెచ్చే డీసీఎంలో ఒకసారి ఇరవై ఇటుకలు వేయించుకున్నాను. వాటి మీద పాత తలుపు చెక్క పరిచాను. ఎండాకాలం కిటికీకి గోనెపట్టా కట్టి పొద్దునా సాయంత్రం తడిపేవాళ్లం. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో గది నిజంగానే చల్లబడేది. వానలు పడ్డాక అదే పట్టా ఉక్కపోత పెంచేది, తీసేసేవాళ్లం.

ఆ రోజుల్లోనే మా సారు ఒకాయన చింతకింది మల్లేశం గురించి చెప్పారు. ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు పోగులను మేకుల చుట్టూ చుట్టడానికి, వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిన ఆ కొడుకు 1992లో యంత్రం చేయడానికి పూనుకున్నాడు. డబ్బు దొరికినప్పుడల్లా ఒక్కో భాగం కొని బిగించాడు. 1999లో అది పూర్తయింది. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. తర్వాత 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేతిలో డబ్బు లేనివాడు ఏదైనా చేయగలడని అర్థం చేసుకున్నాను. 1992కూ 1999కీ మధ్య ఉన్న ఏడేళ్లను నేను పట్టించుకోలేదు.

2012 డిసెంబర్. పరీక్షలు. తెల్లవారుజామున లేచి చూస్తే చిన్న సిలిండర్ ఖాళీ అయింది. హాస్టళ్లలో పిల్లలు బ్లేడ్లతో నీళ్లు కాచుకుంటారని అంతకుముందే విన్నాను, ఒకచోట చూశాను కూడా. గడ్డం గీసుకునే బ్లేడ్లు రెండు, మధ్యన అగ్గిపుల్ల, రెండు తీగలు. ఐదు నిమిషాల్లో చేశాను. స్టీలు గిన్నెలో నీళ్లు పోసి అది వేస్తే రెండు నిమిషాల్లో మసిలాయి. కెటిల్ కొనాల్సిన ఐదారు వందలు మిగిలాయని సంతోషపడ్డాను. వారం రోజులు దానితోనే చాయ్ పెట్టుకున్నాం.

ఎనిమిదో రోజు నేను చదువుతూ కూర్చున్నాను. మా ముగ్గురిలో చిన్నవాడు, మా పక్క ఊరివాడే, అప్పుడే మొహం కడుక్కొని తడికాళ్లతో వచ్చాడు. స్విచ్ వేసే ఉంది. వాడు గిన్నె పట్టుకున్నాడు. అరుస్తాడనుకుంటాం కదా, కరెంటు పట్టినవాడు అరవలేడు. వాడి చెయ్యి గిన్నెకు బిగుసుకుపోయింది, నోరు తెరుచుకుంది, గొంతులోంచి సన్నని మూలుగు తప్ప ఏమీ రాలేదు. నేను వాడి వైపు ఉరకబోయాను. మూడోవాడు నన్ను పక్కకు నెట్టి స్విచ్ ఆపాడు. లేకపోతే నేనూ వాణ్ని పట్టుకొని అతుక్కుపోయేవాణ్ని.

రెండు వేళ్లు కాలాయి. దవాఖానాలో గుండె పరీక్ష చేసి, ఒక రోజు ఉంచుకొని, భయం లేదని పంపారు. సాయంత్రం బస్సుకు వాళ్లమ్మ వచ్చింది. నన్ను తిట్టలేదు. కొడుకు చేతి కట్టు వైపు చూస్తూ, "నువ్వు సూసుకుంటవనే గద బిడ్డా పంపిన" అన్నది. అంతే అన్నది. ఇప్పటికి ఎన్నో ఏళ్లయింది. ఆ మాట నా చెవిలో పాతబడలేదు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా మేనమామకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. లేచి ఇంట్లోంచి ఇస్త్రీపెట్టె తెచ్చి, దాని ప్లగ్గు నా చేతిలో పెట్టాడు. "అల్లుడా, ఈ మూడు కాళ్లల్ల ఒకటి పొడుగున్నది. ఎందుకో చెప్పు" అన్నాడు. నేను రోజూ చూసేదే, ఎప్పుడూ గమనించలేదు. ఆయనే చెప్పాడు. అది ఎర్త్ కాలు. పొడుగ్గా ఉంటుంది కాబట్టి ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోతుంది. పెట్టె లోపల తీగ ఊడి ఇనుముకు తాకితే, ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి పోకుండా ఆ కాలు తనలోంచి తీసుకుపోతుంది. "నీ బ్లేడ్లకు ఈ కాలేది?" అని అడిగాడు.

"ఫ్యూజు కొట్టేయదా మామా?" అన్నాను. కొట్టేయదన్నాడు. ఇంట్లో ఫ్యూజు తీగల కోసం పెట్టింది. ఆరు ఆంపియర్లకో పదహారు ఆంపియర్లకో తెగుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు కూడా చాలు. అలా దారి తప్పిన కరెంటును పసిగట్టి 30 మిల్లీఆంపియర్ల దగ్గరే ఆపేసే ఆర్‌సీసీబీ అనే పరికరం వేరే ఉంటుంది. కిరాయి గదుల్లో దాన్ని పెట్టించే ఓనర్లు తక్కువ. అంత పెద్ద ప్లాంటులో పనిచేసే ఆయన చివరికి చెప్పింది ఇది: "మేము ఎల్‌సీ లేకుంట తీగ ముట్టం. లైను బందైందని కాయితం చేతికొచ్చినంకనే ఎక్కుతం. కరెంటు మనూర్ల పుడ్తది గని, మనకు సుట్టం కాదురా."

ఆ రాత్రి నాయినమ్మ బొంత కప్పుకొని పడుకున్నాను. చలికి నిద్ర రాక కుట్లు తడుముతుంటే ఒకటి తట్టింది. చీరలన్నీ పాతవే. ఒకటి చిరిగింది, ఒకటి వెలిసింది. దారం మాత్రం కొత్తది. పొద్దున్నే అడిగాను. "దారం పాతదైతే బొంత ఎట్ల నిలుస్తది?" అని నా వైపు వింతగా చూసింది. పైసా పైసా దాచే మనిషి, దారపు ఉండ మాత్రం ప్రతిసారీ అంగట్లో తెంపి చూసి, గట్టిది ఏరి కొనేది. బరువు దేని మీద పడుతుందో అక్కడ ఆమె ఖర్చు పెట్టేది. మా ఊరికి దగ్గర్లోనే పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కో గుర్తింపు పొందినది. నీళ్లలో తేలే ఇటుకలున్న గుడి అని అందరం చెప్పుకుంటాం. ఆ తేలిక ఇటుకలు పైన శిఖరంలో ఉన్నాయి. బరువు మోసే స్తంభాలు, దూలాలు రాతివే. ఎన్నోసార్లు చూసిన గుడిలో ఈ సంగతి నాకు ఆ సంక్రాంతి తర్వాతే కనబడింది.

మల్లేశం ఏడేళ్లు కూడా అప్పుడే అర్థమయ్యాయి. ఆయన ఒక్కో భాగం బిగించి, నడిపి చూసి, సరిపోకపోతే విప్పి, మళ్లీ చేశాడు. నేను ఐదు నిమిషాల్లో చేసినదాన్ని వారం రోజులు ముగ్గురి ప్రాణాల మీద నడిపాను.

అప్పటి నుంచి చేతులతో ఏదైనా చేసే ముందు, ఇది పాడైతే ఏం పోతుందని అడుగుతాను. నోటుబుక్కు కుట్టు ఊడితే కాగితాలు రాలతాయి, ఏరుకోవచ్చు. ఇటుకల బల్ల ఒరిగితే సరిచేసుకోవచ్చు. సంచి, పరదా, అట్టపెట్టె అల్మారా, సైకిల్ పంక్చరు, చిరిగిన చెప్పు, ఇవన్నీ చేసుకోవాలి, ధైర్యంగా చేసుకోవాలి. కరెంటు, గ్యాసు గొట్టం, రెగ్యులేటర్, బండి బ్రేకు, వీటి దగ్గర పొదుపు వద్దు. డబ్బు లేకపోతే ఆ నెల చన్నీళ్లు పోసుకుందాం, పక్క గదిలో అడిగి చాయ్ తాగుదాం. మిగతా అన్నిట్లో మిగిల్చిన డబ్బు ఇలాంటి చోట పెట్టడానికే అని నా లెక్క.

ఇప్పుడు నేను పాఠాలు చెప్తున్నాను. రెండేళ్ల కింద జ్వరమొచ్చిన ఒక విద్యార్థిని చూడడానికి వాడి గదికి పోతే, కిటికీలో రెండు బ్లేడ్లు, అగ్గిపుల్ల, తీగ కనబడ్డాయి. తీసి జేబులో వేసుకున్నాను. మర్నాడు ఒక కెటిల్ కొనిచ్చి, దాని ప్లగ్గు వాడి చేతిలో పెట్టి, పొడుగు కాలు ఎందుకో చెప్పమన్నాను.

ఈ జూన్‌లో మీ పిల్లల్ని దూరం చదువుకు పంపుతుంటే, పెట్టెలో ఒక దబ్బుణం, ఒక దారపు ఉండ పెట్టండి. వాటి పక్కనే ఐఎస్‌ఐ గుర్తు, మూడు కాళ్ల ప్లగ్గు ఉన్న కెటిల్ ఒకటి పెట్టండి. వెయ్యి వాట్ల లోపుదైతే గదిలోని మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్ దాన్ని మోస్తుంది. నీళ్లలో వేసే పదిహేను వందల వాట్ల హీటర్ రాడ్డు అయితే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దానికి పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. గది ఖాయం చేసే ముందు అది ఉందో లేదో, దానికి ఎర్త్ వచ్చిందో లేదో చూసి రండి.